లుంబిని స్తంభం మీది నాలుగున్నర లైన్లు మీరే చదువుకోవడం ఎలా

బుద్ధుడు లుంబినిలో పుట్టాడని చిన్నప్పుడు పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లమే అందరం. ఆ మాట చెక్కిన రాయి ఇప్పటికీ నేపాల్లో అదే చోట నిలబడి ఉందని, దాని మీద ఉన్నది మొత్తం 90 అక్షరాలేనని, తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఒక్క వారం కూర్చుంటే దాన్ని స్వయంగా చదివేయొచ్చని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బౌద్ధం తొలినాళ్ల గురించి ఏం చదవాలన్నా నన్నడిగితే ముందు ఈ రాయి దగ్గర మొదలుపెట్టమంటాను, ఎందుకంటే బుద్ధుడి గురించి తేదీ కట్టగలిగిన రాతల్లో అతి పాతవాటిలో ఇదొకటి. సూత్రాలు, జాతక కథలు ఎంత పాతవైనా మన చేతికొచ్చిన ప్రతులు చాలా తర్వాతివి.

ముందు ఫొటో సంగతి. స్తంభం చుట్టూ కంచె ఉంటుంది, యాత్రికులు ఫోన్లో తీసిన ఫొటోల్లో అక్షరాలు సరిగ్గా రావు. మీకు కావాల్సింది ఎస్టాంపేజీ, అంటే రాయి మీద తడి కాగితం ఒత్తి సిరా అద్ది తీసిన నకలు. ఈ రాత వేయించింది అశోకుడు, ఆయన శాసనాల పాత సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిలో ఇది ఉంటుంది. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. స్తంభం పైభాగంలో ఇంకో రాత ఉంది, 14వ శతాబ్దంలో రిపు మల్లుడనే రాజు వచ్చి చెక్కించుకున్నది, "ఓం మణి పద్మే హుం" అని మొదలవుతుంది. నేను ఒక సాయంత్రమంతా దాన్నే పట్టుకుని బ్రాహ్మీ (అశోకుడి కాలంనాటి లిపి) అక్షరాలు ఒక్కటీ కలవడం లేదేంటని తల బాదుకున్నాను. మనకి కావాల్సింది కింది రాత, అది మట్టిలో కూరుకుపోయి ఉండి 1896 డిసెంబరులో తవ్వితేనే బయటపడింది.

ఇప్పుడు గళ్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. బ్రాహ్మీ అక్షరమాల మొత్తం నేర్చుకోవాలని కూర్చుంటే మూడో రోజుకే వదిలేస్తారు, తేలికైనవాటితో మొదలుపెట్టండి. క అంటే కూడిక గుర్తు. గ అంటే తిరగేసిన ఇంగ్లీషు వి, మన గ మీద తలకట్టు తీసేస్తే దాదాపు అదే. ఠ అంటే ఉత్త గుండ్రం. థ అంటే గుండ్రం మధ్యలో చుక్క, ఆ చుక్క మన థ కడుపులో ఇప్పటికీ ఉంది, చూసుకోండి. బ ఒక చదరపు గడి. న తలకిందులైన ఇంగ్లీషు టి. జ ఇంగ్లీషు ఈ లాగే ఉంటుంది. వ అంటే గుండ్రం మీద నిలబెట్టిన పుల్ల. య లంగరు. అ మాత్రం అద్దంలో కనిపించే ఇంగ్లీషు కె. ప, ల రెండూ కొక్కేలే, ఎడమ కాలు పొడుగైతే ప, కుడి కాలు పొడుగైతే ల. ఈ రెండూ తారుమారు కాని మనిషిని నేనింకా చూడలేదు.

గుణింతం దగ్గర మనవాళ్లకి పని సులువు. హిందీ వాళ్లు ఇకారాన్ని అక్షరానికి ముందు రాసే అలవాటు నుంచి బయటపడాలి, మనకి ఆ బాధ లేదు. దీర్ఘానికి తలమీద కుడివైపు చిన్న అడ్డగీత, ఏత్వానికి అదే గీత ఎడమవైపు, గుడికి కుడివైపు గీత పైకి మడత, కొమ్ముకి అక్షరం కింద గీత. సున్న అంటే పక్కన ఒక చుక్క.

చదివేముందు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే అక్షరాలన్నీ వచ్చినా మాటలు అర్థం కావు. ఆ కాలంలో ద్విత్వాలు రాయరు, బుద్ధుడు "బుధ", అట్ఠ (ఎనిమిది) "అఠ". శ, ష రెండూ లేవు, అంతా స, మన ఊళ్లలో శివుణ్ణి సివుడన్నట్టే. మగధ మాటతీరులో ర కూడా ఉండదు, ల అంటారు, అందుకే రాజు "లాజ". వెతికి చూడండి, ఈ శాసనం మొత్తంలో ఒక్క ర కూడా దొరకదు. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో "బుద్ధో జాతో" అని ఓకారంతో అనేది ఇక్కడ "బుధే జాతే" అని ఏకారంతో వస్తుంది, కాబట్టి ఇది పాళీ అని ఎవరైనా చెబితే నమ్మకండి, దాని చుట్టం మాత్రమే.

ఇదీ పాఠం, మన లిపిలో:

దేవానపియేన పియదసిన లాజిన వీసతివసాభిసితేన
అతన ఆగాచ మహీయితే హిద బుధే జాతే సక్యమునీ తి
సిలావిగడభీ చా కాలాపిత సిలాథభే చ ఉసపాపితే
హిద భగవం జాతే తి లుంమినిగామే ఉబలికే కటే
అఠభాగియే చ

చివరి లైనుతో మొదలుపెట్టండి, ఆరే అక్షరాలు, అందులో నాలుగు మీకు ఇప్పటికే వచ్చు. తర్వాత రెండో లైను. "హిద బుధే జాతే" అంటే ఇక్కడ బుద్ధుడు పుట్టాడు. ఎస్టాంపేజీలో ఆ మూడు మాటలూ వేలు పెట్టి చదివిన రోజు నేను కాసేపు పెన్సిలు పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. పక్కనే "సక్యమునీ" ఉంది, శాసనం మొత్తంలో ఒత్తున్న అక్షరం ఆ "క్య" ఒక్కటే, క కింద య తగిలించారు, మనం ఇప్పటికీ ఒత్తులు కిందే కదా వేస్తాం.

మొదటి లైను సంస్కృతం కాస్త తెలిస్తే దానంతటదే విడిపోతుంది. దేవతలకి ప్రియుడైన పియదసి రాజు, వింశతి వర్షాలు, అభిషిక్తుడు. పట్టాభిషేకమై ఇరవై ఏళ్లయ్యాక, అంటే సుమారు క్రీ.పూ. 249 ప్రాంతంలో, "అతన", తానే స్వయంగా వచ్చి పూజ చేశాడు. అశోకుడనే పేరు ఎక్కడా లేదు, గమనించారా? 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఈ లిపిని ఛేదించినప్పుడు (సాంచిలో చిన్న చిన్న రాతలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయి, అవి దానాలిచ్చినవాళ్లు వేయించుకున్నవేమో, ఆ మాట "దానం" అయ్యుంటుంది అని ఊహించి దారి పట్టుకున్నాడు) పియదసి ఎవరో మొదట తెలియలేదు, సింహళ గ్రంథాల సాయంతో ఆయన అశోకుడేనని తేలింది. పేరు విడిగా "అసోక" అని ఉన్న రాయి 1915లో కర్ణాటకలోని మస్కిలో దొరికింది.

మూడో లైనులో "సిలావిగడభీ" దగ్గర ఆగిపోకండి. రాతి గోడ అని కొందరు, రాతి గుర్రం అని కొందరు, పండితులే తేల్చుకోలేదు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఈ స్తంభం తలమీద గుర్రం బొమ్మ ఉండేదని రాశాడు కాబట్టి గుర్రం పక్షానికి కాస్త బలముంది, కానీ మీ నోట్‌బుక్కులో అక్కడ ఖాళీ వదిలేయడమే మర్యాద. "సిలాథభే ఉసపాపితే" మాత్రం స్పష్టం, రాతి స్తంభం ఎత్తించాడు.

నాకు అన్నిటికంటే నచ్చేది నాలుగో లైను. "ఉబలికే" అన్నచోట మన బలి గుర్తొచ్చి జంతుబలి ఆపించాడని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. బలి అంటే ఇక్కడ పన్ను. భగవంతుడు ఇక్కడ పుట్టాడు గనక లుంమిని ఊరికి బలి తీసేశారు, పంటలో రాజు వాటా ఎనిమిదో వంతు చేశారు. ధర్మశాస్త్రాల లెక్కలో అది మామూలుగా ఆరో వంతు. ధ్యానం, నిర్వాణం ఊసే లేదు, చక్రవర్తి వచ్చి మొక్కి ఊరి శిస్తు తగ్గించి వెళ్లాడు, అంతే.

ఈ రాయి చెప్పనిది కూడా గుర్తుపెట్టుకోండి. బుద్ధుడు ఏ ఏడు పుట్టాడో ఇందులో లేదు. సింహళ గ్రంథాలు బుద్ధుడు పోయిన తర్వాత 218 ఏళ్లకి అశోకుడి పట్టాభిషేకం అంటాయి, ఉత్తరాది గ్రంథాలు నూరేళ్లే అంటాయి, పుస్తకాల్లో బుద్ధుడి తేదీలు ఒకదానికొకటి కలవకపోవడానికి ఈ తేడా పెద్ద కారణం. ఎవరైనా ఒకే తేదీ ఖాయంగా చెబితే ఏ లెక్కన అని అడగండి.

ఇక ఇంటిపని. లుంబినికి దగ్గర్లోనే నిగాలీ సాగర్ అనే చెరువు ఒడ్డున విరిగిన అశోక స్తంభం ఉంది. పట్టాభిషేకమైన పద్నాలుగో ఏట కోనాకమన అనే పూర్వ బుద్ధుడి స్తూపాన్ని రెండింతలు చేశానని అందులో ఉంది, అంటే గౌతముడికి ముందు కూడా బుద్ధులున్నారన్న నమ్మకం అప్పటికే బలపడి, వాళ్లకి స్తూపాలు కూడా లేచాయన్నమాట. ఆ తర్వాత రాయి చిట్లిపోయి "...సాభిసితేన చ అతన ఆగాచ మహీయితే" అని మిగిలింది, చివర "...పాపితే". ఖాళీల్లో ఏముండేదో పై పాఠం చూసి పూరించండి, పండితులు చేసిందీ అదే. అది కుదిరితే సారనాథ్ శాసనానికి వెళ్లండి, సంఘాన్ని చీల్చే భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు కట్టించి విహారం బయట ఉంచాలని అందులో హెచ్చరిక. అప్పటికే లోపల గొడవలున్నాయని దాన్ని బట్టి తెలుస్తుంది.

రాయి దగ్గరికే వెళ్లి చదవాలనిపిస్తే మనకి నేపాల్ దాకా పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని లైన్లు కుడి నుంచి ఎడమకి చెక్కారు, ఆ సంగతి తెలియకుండా వెళ్తే నేర్చుకున్నదంతా మర్చిపోయామని టెన్షన్ పడతారు. పొద్దున్నే, ఎండ రాతి మీద ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి, మిట్టమధ్యాహ్నం ఒక్క గీత కనపడదు.