స్టెతస్కోప్ పెట్టే ముందు: పక్కటెముకలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

పేషెంట్‌ను వెలుతురున్న చోట కూర్చోబెట్టి, ఛాతీ మీద బట్ట తీయించండి. చొక్కా పైనుంచి తడిమితే ఎముకల అంచులు తెలియవు.

గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య గుంటలో వేలు పెట్టి, రొమ్ము ఎముక మీదుగా సుమారు 5 సెంటీమీటర్లు కిందికి జార్చండి. అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. అదే స్టెర్నల్ యాంగిల్, దాన్ని ఆనుకుని ఉండేది రెండో పక్కటెముక. మొదటి పక్కటెముక కాలర్ ఎముక చాటున ఉండి చేతికి సరిగా దొరకదు, కాబట్టి లెక్క రెండో దాంతోనే మొదలుపెట్టాలి. ఏ ఎముక కింద ఉన్న సందుకు ఆ ఎముక నంబరే.

ఇక్కడే చాలామంది విద్యార్థులు తప్పుతారు: రొమ్ము ఎముక పక్కనే నిలువుగా దిగుతారు. కింద మృదులాస్థులు దగ్గర దగ్గరగా కలిసిపోయి ఉంటాయి, లెక్క తప్పుతుంది. రెండో సందు నుంచి వేళ్లను బయటికి, కాలర్ ఎముక నడిమి నుంచి దిగే గీత మీదికి ఏటవాలుగా తీసుకెళ్లండి. ఆడవాళ్లలో చనుమొనను గుర్తుగా తీసుకోవద్దు, దాని స్థానం మనిషికీ మనిషికీ మారుతుంది. రొమ్మును పక్కకు జరుపుకోమని ఆమెనే అడగండి.

వీపు వైపు తల ముందుకు వంచమంటే మెడ అడుగున పొడుచుకొచ్చేది సాధారణంగా సి7, అంటే మెడలోని ఏడో వెన్నుపూస. చేతులు కిందికి వేలాడుతుంటే స్కాపులా (భుజం వెనక రెక్క ఎముక) కింది కొన దాదాపు ఏడో పక్కటెముక దగ్గర ఉంటుంది.

ఎముకలు లెక్కపెట్టేది లోపల ఊపిరితిత్తిలోని ఏ లోబ్ (భాగం) ఉందో తెలియడానికే. లోబ్‌లను విడదీసే చీలిక ఫిషర్. ఏటవాలుగా సాగే ఆబ్లిక్ ఫిషర్ వెనక టి3 (ఛాతీ భాగంలోని మూడో వెన్నుపూస) దగ్గర మొదలై, చంక మధ్యలో ఐదో ఎముకను దాటి, ముందు ఆరో ఎముక దగ్గర ముగుస్తుంది. చేతులు తల మీద పెట్టించండి, స్కాపులా లోపలి అంచు ఇంచుమించు ఈ గీత మీదే నిలుస్తుంది. కుడివైపు అడ్డంగా ఉండే హారిజాంటల్ ఫిషర్ నాలుగో ఎముక వెంట సాగి, చంక మధ్యలో ఆబ్లిక్ ఫిషర్‌ను కలుస్తుంది. అంటే వీపంతా దాదాపు కింది లోబే. మిడిల్ లోబ్ కుడివైపు ముందు, నాలుగు-ఆరు ఎముకల మధ్య, చంక దాకా మాత్రమే. వీపు ఒక్కటే విని లేచిపోతే అక్కడున్న న్యుమోనియా చేజారుతుంది.

కాలర్ ఎముకకు పైన కూడా వినండి. ఊపిరితిత్తి కొన దాని లోపలి మూడో వంతుకు 2 నుంచి 4 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది.

మామూలు శ్వాసలో ఊపిరితిత్తి కింది అంచు ముందు 6, పక్కన 8, వెనక 10వ ఎముక దగ్గర. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొర, ప్లూరా, అంతకంటే రెండు ఎముకలు దిగువకు, అంటే 8, 10, 12కు దిగుతుంది. కూర్చున్న మనిషిలో నీరు ముందుగా చేరేది ఆ ఖాళీలోనే.