విండోస్‌లో వైఫై ఉంది, నెట్ లేదు: ఎర్రర్ 1068 వచ్చిందా, 1075 వచ్చిందా?

వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఐపీ (నెట్‌వర్క్‌లో మన చిరునామా) చూస్తే 169.254తో మొదలవుతుంది, అంటే రూటర్ నుంచి చిరునామా అందలేదన్నమాట. విశాఖ అక్కయ్యపాలెంలో మా షాపుకి ఇలా వచ్చే ల్యాప్‌టాప్‌లకి రూటర్ రీసెట్, విన్‌సాక్ రీసెట్ (విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులు మొదటికి తెచ్చే కమాండ్), డ్రైవర్ మార్చడం అన్నీ ముందే అయిపోయి ఉంటాయి. సర్వీసెస్ తెరిచి, రూటర్ నుంచి ఐపీ తెచ్చే డీహెచ్‌సీపీ క్లయింట్ నడుస్తోందా అని మాత్రం ఎవరూ చూడరు. బాబూ, ముందు అది చూడండి. ఆగి ఉంటే స్టార్ట్ నొక్కి, వచ్చిన ఎర్రర్ నంబరు రాసుకోండి.

1068 అయితే, డీహెచ్‌సీపీ ఆధారపడే సర్వీసు ఏదో లేవలేదని అర్థం. విండోస్ 10లో డీహెచ్‌సీపీకి ఎన్‌ఎస్‌ఐ, ఏఎఫ్‌డీ అనే నెట్‌వర్క్ సర్వీసు, డ్రైవర్ కావాలి. విండోస్ 7లో టీడీఎక్స్ కూడా. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు, దారి కింద చెప్పాను) వాటి స్టార్ట్ విలువ 4 ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు. స్పీడ్ పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు చేసే పనే ఇది. ఎన్‌ఎస్‌ఐకి 2, ఏఎఫ్‌డీకి 1 పెట్టి రీస్టార్ట్ చేయండి.

నన్ను ముంచింది 1075, అంటే ఆధారపడే సర్వీసే లేదని. మద్దిలపాలెం నుంచి ఒక అకౌంటెంట్ గారి ల్యాప్‌టాప్ వచ్చింది. రెండు రోజులు కుస్తీ పట్టి, విసుగొచ్చి విండోస్ మళ్లీ వేసేశాను. నెట్ వచ్చింది, కారణం తెలియలేదు. కొన్నాళ్లకి అదే ఆఫీసు నుంచి అదే జబ్బుతో ఇంకోటి! అప్పుడు గానీ డీహెచ్‌సీపీ డిపెండెన్సీల (అది ఆధారపడే సర్వీసుల) జాబితా చూడాలని తట్టలేదు. అందులో ఎప్పుడో తీసేసిన యాంటీవైరస్ తాలూకు డ్రైవర్ పేరు ఉంది. సాఫ్ట్‌వేర్ పోతూ పోతూ తన పేరు అక్కడే వదిలేసింది. లేని సర్వీసు కోసం విండోస్ వెతుకుతుంది, దొరకదు, డీహెచ్‌సీపీని లేపదు. పాత వీపీఎన్‌లూ ఇలాగే చేస్తాయి. విన్‌సాక్ రీసెట్ ఈ జాబితాని ముట్టుకోదు, ఎన్నిసార్లు కొట్టినా అంతే.

అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎస్‌సీ క్యూసీ డీహెచ్‌సీపీ' కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). పవర్‌షెల్‌లో కొట్టొద్దు, అక్కడ ఎస్‌సీ అంటే వేరే కమాండ్, క్యూసీ అనే ఫైలు తయారుచేసి ఊరుకుంటుంది. జాబితాలో ఒక్కో పేరుకీ 'ఎస్‌సీ క్వెరీ' కొట్టండి. 1060 (అలాంటి సర్వీసు లేదు) అని జవాబిచ్చిన పేరే దొంగ. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్ కింద డీహెచ్‌సీపీ కీ ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే డిపెండ్‌ఆన్‌సర్వీస్ తెరిచి ఆ ఒక్క లైను తీసి, రీస్టార్ట్ చేయండి. మొత్తం విలువ డిలీట్ చేయకండి, మిగతా పేర్లు కావాలి. ఎస్‌సీ కాన్ఫిగ్‌తో మార్చే అలవాటుంటే జాగ్రత్త: అది ఉన్న జాబితాకి కలపదు, మీరిచ్చిందే మొత్తం జాబితాగా రాసేస్తుంది.

సైట్ పేర్లకి ఐపీలు వెతికే డీఎన్‌ఎస్ క్లయింట్‌నీ ఇలాగే చూడండి. షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోకపోతే వర్క్‌స్టేషన్ సర్వీసు చూడాలి.

బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ల్యాన్ పోర్టు తుప్పు పట్టడం కూడా ఉంది గానీ, దానికి ఈ నంబర్లేవీ రావు.