బెజవాడలో ఒక హత్య, ఒక దెయ్యం, పదహారేళ్ళ అమ్మాయి: టీనేజ్ పిల్లల కోసం మిస్టరీ నవల రాయడం ఎలా

కృష్ణ ఒడ్డున ఘాట్ మెట్ల మీద పిండం పెట్టారు. అందరూ పక్కకి జరిగి కాకి కోసం చూస్తున్నారు. చెట్టు నిండా కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎవరో పెద్దావిడ "పిల్లకి ఏదో కోరిక మిగిలిపోయింది" అంది. వెనకాల నిలబడ్డ స్నేహితురాలికి మాత్రం, చనిపోయిన పిల్ల ఆ కాకుల మధ్య కొమ్మ మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ కనిపించింది.

మన భాషలో ఇలాంటి నవలకి మొదటి సీన్ కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదని చెప్పడానికే ఇది రాశాను. పాడుబడ్డ బంగళా, తెల్ల చీర, గజ్జెల చప్పుడు వదిలేయండి, వాటికి పిల్లలు ఎప్పుడో అలవాటు పడిపోయారు. కాకి ముట్టకపోవడం, గాలి సోకడం, అంజనం వేయించడం, సోది చెప్పించుకోవడం, దిష్టి తీయడం ఇవన్నీ ఇప్పటికీ మన ఇళ్ళలో సగం నమ్మకంగా, సగం భయంగా ఉన్నవే. పాఠకురాలు వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్న మాట పేజీలో కనిపిస్తే సగం భయం అక్కడే వచ్చేస్తుంది.

అయితే దెయ్యం దొరకగానే రాయడం మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం తీసుకుని దెయ్యానికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఏం చేయగలదు, ఏం చేయలేదు అని రాయండి. నేను మొదటిసారి ఈ పని చేయకుండా రాశాను. నాలుగో అధ్యాయంలో దెయ్యం, హీరోయిన్ ఎదురెదురుగా కూర్చున్నారు, ఆ అమ్మాయి ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగింది: "నిన్ను ఎవరు చంపారే?" చెప్తే నవల అయిపోతుంది. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో కారణం ఉండాలి, నా దగ్గర కారణం లేదు. ఆరు నెలలు రాసింది పక్కన పెట్టాల్సి వచ్చింది, ఆ బాధ మీకు వద్దు.

దెయ్యానికి జ్ఞాపకం పోయింది అని పెడతారు చాలామంది. సులువే కానీ చివర్లో సరిగ్గా అవసరమైనప్పుడే జ్ఞాపకం తిరిగొస్తుంది, పాఠకులకి మోసపోయినట్టు ఉంటుంది. నాకు నచ్చిన పద్ధతి వేరు. చనిపోయిన మనిషి బతికుండగా చూసినంతే దెయ్యానికి తెలుసు, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ తెలియదు. వెనక నుంచి తోస్తే తోసిన చెయ్యి తెలియదు. పైగా ఆ పిల్లకి కూడా పదహారేళ్ళే కదా, తను నమ్మినవాళ్ళని చచ్చిపోయాక కూడా నమ్ముతూనే ఉంటుంది. "ఆయన అలాంటివాడు కాదే" అని దెయ్యమే హంతకుణ్ణి వెనకేసుకొస్తుంటే, బతికున్న స్నేహితురాలు ఒక్కతే అనుమానపడుతూ ఉంటే, ఆ గొడవలో ఉన్నంత కథ ఏ తాంత్రిక పూజలోనూ ఉండదు. మిస్టరీని తేల్చాల్సింది బతికున్న అమ్మాయి, దొరికిన ఆధారాలతో. దెయ్యం దారి తప్పించవచ్చు, భయపెట్టవచ్చు, ఏడిపించవచ్చు. జవాబు మాత్రం ఇవ్వకూడదు, ఈ విషయంలో నేను రాజీపడను.

దెయ్యం వచ్చిందని తెలిసే గుర్తు కూడా ఊరిలోంచే తీసుకోండి. గుంటూరు కథ అయితే మిర్చి యార్డు ఉంది. సీజన్లో ఆ చుట్టుపక్కల కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మకుండా, దగ్గకుండా నిలబడలేరు. అక్కడ టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య అందరూ ముక్కుకి తువ్వాలు కట్టుకుని దగ్గుతుంటే, ఒక్క మనిషి మాత్రం దగ్గకుండా నిలబడి మిమ్మల్నే చూస్తున్నాడనుకోండి. ఊపిరి లేనివాడికి దగ్గు ఎలా వస్తుంది? ఎండు మిరపకాయలతో దిష్టి తీసి నిప్పులో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే అని మన ఇళ్ళలో అంటారు, ఆ మాటకి ఈ సీన్ ఎంత బాగా అతుకుతుందో చూడండి. విజయవాడ కథ అయితే నేను వాసన తీసుకుంటాను. మే నెలలో ఎండ మండిపోతున్నప్పుడు, ఏసీ లేని హాస్టల్ గదిలో ఉన్నట్టుండి ఒండ్రు మట్టి వాసన.

ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు దగ్గరే ఉన్నాయి కదా, అక్కడ పెడదామని మొదట అనిపిస్తుంది. నేనైతే పెట్టను. గుహ అనగానే పాఠకుడు ముందే సిద్ధమైపోతాడు. హాస్టల్ డాబా మీద వాటర్ ట్యాంకు, స్టడీ అవర్లో ఖాళీగా ఉన్న చివరి బెంచీ, కృష్ణలంకలో రిటైనింగ్ వాల్ పక్క సందు, పిల్లలు రోజూ చూసేవి ఇవి. రేపు పొద్దున వాళ్ళు అదే సందులో నడవాలి కాబట్టి అక్కడే భయపెట్టండి.

ఇక మీ హీరోయిన్. పేరు శ్రావణి అనుకుందాం, ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఆ వయసు పిల్ల డిటెక్టివ్ పని చేయాలంటే అడ్డంకులు ఎన్నో ఆలోచించండి: కాలేజీలో ఫోను తీసేసుకుంటారు, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం కూడా పరీక్ష, ఇంటికెళ్తే అమ్మ "ఎక్కడికే" అంటుంది, గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిదేళ్ళు నిండాకే కాబట్టి సిటీ బస్సో షేర్ ఆటోనో ఎక్కాలి. ఈ అడ్డంకులని తప్పించేయకండి, ప్లాటు వీటితోనే తయారవుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి కృష్ణలంక వెళ్ళి రావడానికి ఆ పిల్లకి నలభై నిమిషాలే ఉన్నాయి, ఆ తర్వాత వార్డెన్ లెక్కపెడుతుంది అంటే చాలు, ఛేజింగ్ సీన్ అక్కర్లేకుండానే టెన్షన్ వస్తుంది.

కథా కాలం ఊరి క్యాలెండర్ చూసి వేసుకోవడం నాకు బాగా పనికొచ్చింది. దసరాల్లో మూలా నక్షత్రం రోజు దుర్గమ్మ సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది, చదువుకునే పిల్లలు ఎక్కువగా వచ్చే రోజు, ఇంద్రకీలాద్రి కింద క్యూలు ఎక్కడిదాకా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆ రాత్రి స్నేహితురాలు క్యూలోంచి తప్పిపోయిందనుకోండి, చుట్టూ వేలమంది ఉన్నారు, చూసినవాడు ఒక్కడూ లేడు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చి కల్లా థియరీ పరీక్షలు. ఆ తర్వాత వేసవి, కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యలోంచే వెళ్తాయి, నీళ్ళు తగ్గాక అడుగు బురద బయటపడుతుంది. అక్టోబరులో పడేసిన వస్తువు ఏప్రిల్లో కనిపిస్తుంది! ఏ వస్తువు? ఫోను పెట్టకండి, ఆరు నెలలు బురదలో ఉన్న ఫోన్లోంచి ఇంటర్ పిల్లలు ఏమీ తీయలేరు. స్టీలు టిఫిన్ డబ్బా పెట్టండి. మన ఇళ్ళలో గిన్నెల మీద పేరు కొట్టిస్తారు కదా, ఇంటిపేరు మొదటి అక్షరం, తేదీ. ఎన్నాళ్ళు బురదలో ఉన్నా ఆ అక్షరాలు పోవు. ఆ డబ్బాని పాఠకుడికి రెండో అధ్యాయంలోనే ఒకసారి చూపించాలి, మాటల మధ్యలో, ఎవరో అందులోంచి పులిహోర పెడుతుండగా.

పోలీసుల సంగతి కొంచెం చదివి రాయాలి. 2024 జూలై 1 నుంచి పోలీసుల విచారణ పద్ధతులు చెప్పే పాత చట్టం సీఆర్పీసీ బదులు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ అమల్లోకి వచ్చింది, కాబట్టి ఇప్పటి కథలో అనుమానాస్పద మృతికి పాత 174 సెక్షన్ రాస్తే తప్పు, ఇప్పుడది 194. ఆ సెక్షన్ కింద విచారణ జరిగేటప్పుడు చుట్టుపక్కల ఉండే ఇద్దరో అంతకంటే ఎక్కువమందో పెద్దమనుషులు దగ్గరుండాలి, శవ పంచనామా మీద సంతకం చేసేది వాళ్ళే. పోస్టుమార్టం రిపోర్టు పిల్లల చేతికి ఎవరూ ఇవ్వరు కానీ, సందు చివర కిరాణా కొట్టు బాబాయి పంచనామా సాక్షిగా సంతకం పెట్టి ఉంటే? ఆయన అది మర్చిపోలేక రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు, ఎవరైనా అడిగితే చెప్పేద్దామని ఎదురుచూస్తున్నాడు. శ్రావణికి సమాచారం అక్కడ దొరకాలి. ఇంకోటి, సాక్షిగా విచారించడానికి ఆడవాళ్ళని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్ళుండే చోటికే వచ్చి అడగాలి. అంటే ఎస్సై ఇంటికొస్తాడు, హాల్లో నాన్న కూర్చుని ఉంటాడు, వంటింటి గుమ్మంలో అమ్మ. ఆ పిల్ల నిజం ఎలా చెప్తుంది?

శవం దొరికే చోటు కూడా ఆలోచించి పెట్టండి. ప్రకాశం బ్యారేజీకి ఇటు విజయవాడ, ఎన్టీఆర్ జిల్లా. అటు సీతానగరం, తాడేపల్లి, గుంటూరు జిల్లా. నది మధ్యలో తేలితే ఏ స్టేషన్ వాళ్ళు రాసుకోవాలి? చట్ట ప్రకారం తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, అయినా మీ కథలో ఒక పూట ఆలస్యం జరిగితే ఆ పూటలోనే ఒక ఆధారం పోవచ్చు.

విదేశీ నవలలు చదివి శవం లెక్కలు రాయకండి, మన ఎండలకి అవి సరిపోవు. నీళ్ళలో మునిగిన శవం ఇక్కడ వేసవిలో ఒక రోజులోనే తేలవచ్చు, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. మునిగి చనిపోయారా, చంపాక నీళ్ళలో పడేశారా అనే అనుమానం వస్తే డయాటమ్ పరీక్ష ఒకటి ఉంది. డయాటమ్స్ అంటే కంటికి కనిపించని నాచు జాతులు, నది నీళ్ళలో బాగా ఉంటాయి. బతికుండగా మునిగితే నీళ్ళతోపాటు ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్ణుంచి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరతాయి. కృష్ణలో తేలిన పిల్ల మజ్జలో కృష్ణ నాచు లేదంటే? ఇంటి సంపులో బోరు నీళ్ళలో మునిగి ఉండొచ్చని అనుమానం వస్తుంది. ఈ ఒక్క పరీక్షతోనే అంతా తేల్చేయలేరు, కాబట్టి నవలలో కూడా దీన్ని అనుమానంగానే వాడండి, రుజువుగా కాదు. దెయ్యం ఎప్పుడూ ఒండ్రు వాసనతో వచ్చేది, ఒక రాత్రి బ్లీచింగ్ పౌడర్ వాసనతో వచ్చింది అని రాస్తే సైన్సూ దెయ్యమూ ఒకే మాట చెప్పినట్టు అవుతుంది, ఇది రాస్తున్నప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది.

హంతకుడి గురించి ఒకటే అడుగుతాను. మంత్రగాణ్ణో, మతిస్థిమితం లేని మనిషినో, ఊరవతల బతికే బీదవాణ్ణో హంతకుడిగా పెట్టకండి. వాళ్ళ మీద ఊరికి ఇప్పటికే ఉన్న అనుమానం చాలు. పిల్లలకి దగ్గరగా ఉండే, అందరూ మర్యాద ఇచ్చే పెద్దమనిషి అయితే కథ లోతుగా వెళ్తుంది, ఎందుకంటే ఆ వయసులో అసలు భయం దెయ్యం కాదు, నిజం చెప్తే పెద్దవాళ్ళు నమ్మరేమో అన్నదే.

కాలేజీ హాస్టల్, చనిపోయిన విద్యార్థిని అనగానే ఊళ్ళో అందరూ ముందు ఆత్మహత్య అనుకుంటారు, మీ కథలోనూ అనుకుంటారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా రాయాలి. ఇలా పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళు నిజంగా ఉన్నాయి, చదివే పిల్లల్లో ఆ ఆలోచన వచ్చినవాళ్ళూ ఉంటారు. ఎలా చనిపోయిందో పద్ధతి వర్ణించకండి, ఉత్తరాలు రాయించకండి, చచ్చిపోయాక దెయ్యమై అందరికీ బుద్ధి చెప్పడం గొప్పగా ఉన్నట్టు చూపించకండి. చచ్చిపోవడం వల్ల ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో చూపించండి: చెల్లి పక్కనే కూర్చున్నా జడ వేయలేదు, అమ్మ ముద్ద కలిపినా తినలేదు. పుస్తకం చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి, అది ఉచితం.

సంభాషణలు పిల్లలు మాట్లాడుకున్నట్టే ఉండాలి. దెయ్యమైనంత మాత్రాన గ్రాంథికం మాట్లాడదు. నా డ్రాఫ్టులో వాళ్ళ మొదటి మాటలు ఇవి:

"నా జువాలజీ రికార్డు నీ దగ్గరే ఉంది కదే."

"నువ్వు... నువ్వు చచ్చిపోయావే."

"తెలుసు లేవే. బొమ్మలు సగమే వేశాను. సోమవారం సబ్మిషన్."

భయం, ప్రేమ రెండూ ఆ రికార్డులోనే ఉన్నాయి. ఆ పిల్లకి మిగిలిపోయిన కోరిక పగ తీర్చుకోవడం కానక్కర్లేదు, సగం వేసిన బొమ్మ కావచ్చు. మీకు పాత దెయ్యం కావాలంటే పుష్కరాలు ఉన్నాయి. 2016లో కృష్ణా పుష్కరాలకి పిండం అందని మనిషి మళ్ళీ 2028 దాకా ఎదురుచూడాలి, ఆ పన్నెండేళ్ళ ఎదురుచూపుతోనే ఇంకో నవల రాయొచ్చు.

నిడివి యాభై అరవై వేల పదాలు చాలు. అధ్యాయాలు చిన్నవిగా ఉంచండి, పిల్లలు బస్సులో, స్టడీ అవర్లో పుస్తకం చాటున పెట్టుకుని చదువుతారు. రాసేటప్పుడు పక్కన ఒక పెద్ద షీటు పెట్టుకుని మూడు వరసలు గీయండి: నిజంగా ఆ రాత్రి ఏం జరిగింది, శ్రావణికి ఎప్పుడు ఏం తెలిసింది, పాఠకుడు ఏం అనుకుంటున్నాడు. మొదటి వరస పూర్తిగా నిండేదాకా ఒక్క అధ్యాయం కూడా రాయొద్దు.

డ్రాఫ్టు అయ్యాక మీ సందులో ఇంటర్ చదివే పిల్ల ఎవరైనా ఉంటే ముప్పావు వంతు దాకా ప్రింటు తీసి ఇవ్వండి, మిగతాది ఇవ్వకండి. ఎవరి మీద అనుమానంగా ఉందో, ఎందుకో అడిగి రాసుకోండి. హంతకుడి పేరు చెప్పి కారణం కూడా సరిగ్గా చెప్తే ఆధారాలు మరీ బయటికి ఉన్నాయి, కొన్నిటిని మాటల్లో దాచండి. ఆ పేరు అసలు తలుచుకోకపోతే టిఫిన్ డబ్బా సీన్ దగ్గరికి వెనక్కి వెళ్ళి, ఆ పులిహోర పెట్టిన చేతిని ఇంకో వాక్యం పాటు చూపించండి.