లేజర్ అన్నారా? ఏ లేజరో అడగండి

రాజమండ్రిలో 22 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను, అదీ కాలిమిషన్ మీదే. పోయిన శ్రావణమాసం ఆర్డర్ల మధ్య నడుంనొప్పి మొదలై, కుడి పిరుదు మీదుగా పిక్క దాకా పాకింది. నొప్పి సంగతి అలా ఉంచండి, కాలి బొటనవేలు పైకి లేవట్లేదు. నడుం దగ్గర వెన్నెముకలో నాలుగు, ఐదు ఎముకల మధ్య మెత్తలా ఉండే ఎల్4-ఎల్5 డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. ఇప్పుడు షాపుకొచ్చే ఆడవాళ్లు కొలతలకన్నా ముందు నా నడుం గురించే, డిస్కుకు చేసే లేజర్ వైద్యం గురించే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

మొదట కంగారు పడకండి. కాలికి పాకే నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులు, నడక, ఫిజియోతోనే తగ్గుతుంది. కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం వేలాడిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక లేజర్. ఈ ఒక్క మాట మీద మూడు రకాల పనులు నడుస్తున్నాయి.

ఒకటి, చర్మం పైనుంచి పెట్టేది. నేను మొదట వెళ్లిన చోట పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకుని, డిస్క్ లోపలికి వెళ్లిపోతుందన్నారు. కళ్లకు అద్దాలు పెట్టి, పెన్నులాంటిది నడుం మీద ఆనించేవారు. వెచ్చగా, హాయిగానే ఉండేది. కొందరికి కొన్నాళ్లు ఉపశమనం ఉండొచ్చు గానీ, ఆ కాంతి జారిన డిస్కును వెనక్కి నెట్టదు.

రెండోది, సూదిలోంచి సన్నటి ఫైబర్‌ను డిస్క్ మధ్యలోకి పంపి గుజ్జు కొంచెం ఆవిరి చేయడం. 1986లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మొదలైన పద్ధతి. టైరులో కాస్త గాలి తీసినట్టు లోపలి ఒత్తిడి తగ్గుతుంది. పై పొర చిరగకుండా డిస్క్ ఉబ్బినప్పుడే ఇది పనికొస్తుంది. ముక్క తెగి బయటపడితే కాదు. నాది బయటపడింది.

మూడోది ఎండోస్కోపీ. గాటు 8 మిల్లీమీటర్లు, మా భాషలో చిన్న గుండీకి తీసే కాజా. అందులోంచి కెమెరా, పట్టకారు పంపి ముక్కను లాగేస్తారు. కొన్నిచోట్ల దీనికీ బోర్డు మీద లేజర్ అనే రాస్తారు. అసలు పని పట్టకారుది. లేజర్ వాడొచ్చు, వాడకపోవచ్చు.

డాక్టరు దగ్గరికి రిపోర్టు కాగితమే కాదు, ఫిల్ములు కూడా తీసుకెళ్లండి. నొప్పి లేనివాళ్ల ఎమ్మారైలో కూడా డిస్క్ ఉబ్బు కనబడుతుంది. అందుకే "నా కాలినొప్పి ఈ డిస్క్ వల్లేనా? ముక్క పొరలోనే ఉందా, బయటపడిందా? మీరు చేసేది మూడింటిలో ఏది? అది చాలకపోతే తర్వాతేంటి?" అని అడగండి. షుగరు, రక్తం పల్చబడే మందులు దాచొద్దు. ప్యాకేజీలో ఏమేం వస్తాయో రాయించుకోండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుంటే ముందు ఆసుపత్రిలో ఆ పథకం పని చూసేవాళ్లను కలవండి.

నాకు చేసింది మూడోదే, ఎండోస్కోపీ. ఆ చోటికే మత్తిచ్చి బోర్లా పడుకోబెట్టారు. కాల్లో కరెంటు కొట్టినట్టు అనిపిస్తే చెప్పమన్నారు. అక్కడ ఓర్చుకోకండి, మనం నోరు విప్పితే నరం దగ్గరికి వచ్చామని వాళ్లకు వెంటనే తెలుస్తుంది. నేను ఒకసారి అరిచాను, వెంటనే ఆపారు. తర్వాత తీసిన ముక్కను సీసాలో చూపించారు: తెల్లగా, ఉడికిన పీత గుజ్జులా ఉంది. నెలరోజులు మా ఇంట్లో పీతల కూర లేదు.

సాయంత్రానికే నడిపించారు. మనం బోల్తాపడేది ఇక్కడే. పైన ఒక్క కుట్టే, కానీ లోపల పొరలో చిల్లు మానడానికి వారాలు పడుతుంది. నన్ను 6 వారాలు వంగొద్దు, బిందె ఎత్తొద్దు, నడుం మెలితిప్పొద్దు అన్నారు. కొందరికి అదే చోట మళ్లీ జారుతుంది. జ్వరం వచ్చినా, గాటులోంచి రసి కారినా, పిక్క వాచినా వెంటనే ఫోన్ చేయండి.

ఏడో వారం మిషన్ ముందు కూర్చున్నాను. స్టూలు రెండంగుళాలు పెంచి, మోటారు బిగించుకున్నాను, అరగంటకోసారి లేస్తున్నాను. బొటనవేలు లేస్తోంది. దాని పైన తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడట్లేదు.