అటక దిగిన రికార్డు ప్లేయరుతో మళ్లీ పాట వినడం ఎలా?

పాత రికార్డు ప్లేయరును అటక మీది నుంచి దించగానే ప్లగ్గు పెట్టి, చేతికందిన రికార్డు వేసి చూడాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. యంత్రం పాడైతే బాగు చేయించవచ్చు, లేదా అలాంటిదే మరొకటి వెతికి కొనవచ్చు. అరిగిన ముల్లు రికార్డు గాడిని చెక్కేస్తే మాత్రం పోయిన ధ్వని తిరిగి రాదు. మన ఇళ్లలోని రికార్డుల్లో నాటక పద్యాలు, హరికథలు, మరే రూపంలోనూ దొరకని పాటలు ఉండవచ్చు. కాబట్టి ముందు ముల్లు సంగతి చూడాలి, తరువాత కరెంటు. ఆ రికార్డులను అన్నింటికంటే చివరగా పళ్లెం మీద పెట్టాలి.

రికార్డు ఏ రకం?

బరువుగా, గట్టిగా ఉండి, కింద పడితే పగిలిపోయేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే 78లు. వాటిని లక్కతో చేసేవారు. అమెరికాలో కొలంబియా సంస్థ 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీని, మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్లు తిరిగే 45ను తెచ్చాయి. ఇవి సన్నని గాడి ఉన్న వినైల్ రికార్డులు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. 78కి కావలసిన ముల్లు దానికి మూడు, నాలుగు రెట్లు లావు. సన్నని ముల్లు 78 గాడి అడుగున కొట్టుకుంటూ గరగరమంటుంది, లావు ముల్లు ఎల్పీ గాడిని పాడుచేస్తుంది. హెచ్‌ఎంవీ ఫియెస్టా వంటి పెట్టె ప్లేయర్ల కాలంలో, ముల్లును పట్టి ఉంచి దాని కదలికను విద్యుత్తుగా మార్చే కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి చిన్న మీట ఉండేది. అటు తిప్పితే 78, ఇటు తిప్పితే ఎల్పీ. అది ఎటు తిరిగి ఉందో ముందే చూసుకోండి.

ముల్లు, దాని బరువు

ఖరీదైన తీగల మీద పెట్టాలనుకున్న డబ్బును ముల్లు మీద పెట్టండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. నీలం రాయి మొన కొన్ని పదుల గంటలకే అరుగుతుంది, వజ్రపు మొన 500 నుంచి 1000 గంటలు ఆగుతుంది. పాత ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో తెలియకపోతే మార్చేయడమే మేలు. అరుగుదల మామూలు కంటికి కనిపించదు. కార్ట్రిడ్జ్ మీద ఉన్న నంబరును బట్టి ముల్లు కొనాలి.

తరువాత, ముల్లు రికార్డు మీద మోపే బరువు. ముల్లున్న చేయి వెనుక తిప్పే బరువు ఉన్న ప్లేయరైతే, యాంటీ స్కేటింగ్‌ను (చేయి రికార్డు మధ్యలోకి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటును) సున్నాలో పెట్టి, చేయి పైకీ కిందికీ వాలకుండా గాలిలో నిలిచేవరకు ఆ బరువును తిప్పండి. అక్కడ బరువును కదపకుండా అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తెచ్చి, ఆపై బరువును కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన గ్రాముల దాకా తిప్పాలి. యాంటీ స్కేటింగ్‌నూ అదే అంకె దగ్గర పెట్టండి. అయస్కాంతంతో పనిచేసే కార్ట్రిడ్జ్‌లకు సాధారణంగా ఒకటిన్నర నుంచి మూడు గ్రాములు చాలు. పాత సిరామిక్ రకానికి ఇంకాస్త ఎక్కువ కావాలి. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందనుకోవడం పొరపాటు. బరువు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతూ గోడలను దెబ్బతీస్తుంది. చక్రం మీది అంకెను గుడ్డిగా నమ్మకుండా, చిన్న డిజిటల్ తూనికతో ఒకసారి సరిచూసుకోండి.

తిరిగే వేగం

బెల్టు సాగినా, పగుళ్లిచ్చినా మార్చాలి. రబ్బరు చక్రంతో తిరిగేదైతే దాని అంచును స్పిరిటుతో తుడిచి చూడండి. గట్టిపడి ఉంటే కొత్త రబ్బరు వేయించాలి. ఇరుసులో ఒకటి రెండు చుక్కల మిషను నూనె చాలు.

వేగం చూడటానికి పరికరమేదీ అక్కరలేదు. పళ్లెం మీద చిన్న కాగితం ముక్క అంటించి, 33⅓ వేగంలో మూడు నిమిషాలు లెక్కపెట్టండి. సరిగ్గా 100 చుట్లు రావాలి.

అమెరికా నుంచి పాత ప్లేయర్లు తెచ్చుకునే తెలుగువారు ఇక్కడే చిక్కుల్లో పడతారు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110కి దించుతుంది కానీ, మన 50 హెర్ట్జ్ కరెంటును అక్కడి 60 హెర్ట్జ్‌గా మార్చలేదు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే మోటారు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ కాస్తా 28కి దిగి, పాట ఏడుపులా సాగుతుంది. మోటారు కప్పీని 50 హెర్ట్జ్‌కు సరిపడేదిగా మార్చాలి. క్వార్ట్జ్‌తో నడిచే డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్లకు ఈ బాధ లేదు.

ఆంప్లిఫయర్

ఏళ్ల తరబడి వాడని ఆంప్లిఫయర్‌లో కరెంటును నిల్వ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. పాత రేడియో మెకానిక్‌లు దానికి వరుసలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు కలిపి కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉందన్నమాట. వైరింగు పని తెలియనివారు దీన్ని మెకానిక్‌కే అప్పగించాలి. వాల్వు సెట్లలో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

అయస్కాంతపు కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు చెక్కేటప్పుడే మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) పద్ధతి ఇదే. దీన్ని తిరిగి సరిచేసేది ఆంప్లిఫయర్‌లోని ఫోనో ఇన్‌పుట్. మామూలు ఇన్‌పుట్ అయిన ఆక్స్‌లో పెడితే పాట పలచగా, దూరంగా వినిపిస్తుంది. సిరామిక్ కార్ట్రిడ్జ్‌కు మాత్రం ఆక్స్ సరిపోతుంది. గుయ్యిమనే శబ్దం వస్తుంటే ప్లేయరు నుంచి వచ్చే సన్నని గ్రౌండు తీగను ఆంప్లిఫయర్ వెనుక స్క్రూకు బిగించారో లేదో చూడండి.

ప్లేయరును రసమట్టంతో సమంగా నిలపండి. స్పీకర్లున్న బల్ల మీద మాత్రం పెట్టకండి, ఆ అదురు ముల్లుకు ఎక్కుతుంది. రెండు స్పీకర్లకూ మధ్య ఎంత దూరముందో, వాటికి అంతే దూరంలో కూర్చుంటే గాయకుడి గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి వస్తుంది.

కడగడం, వినడం

ఎల్పీలను డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు ద్రవం కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తుడవాలి. తరువాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలువుగా ఆరబెట్టండి. మధ్యనున్న కాగితం తడవకూడదు. 78లకు స్పిరిటు తగలనివ్వకండి, అది లక్కను కరిగిస్తుంది.

మొదట వేసే రికార్డు పోయినా బాధపడనిదై ఉండాలి. దాని చివరి పాట వినండి. లోపలికి వెళ్లేకొద్దీ గాడి ముల్లు కింద నెమ్మదిగా కదులుతుంది కాబట్టి లోపాలన్నీ అక్కడే బయటపడతాయి. స, ష, చ అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తే బరువునూ, కార్ట్రిడ్జ్ కూర్చున్న కోణాన్నీ మళ్లీ చూడండి. అవి తేటగా పలికాకే మీ అరుదైన రికార్డులను తీయండి. వాటిని వేసే మొదటిసారే ఆంప్లిఫయర్ టేప్ అవుట్ (ధ్వనిని బయటికిచ్చే సాకెట్) నుంచి తీగ కలిపి కంప్యూటర్‌లో రికార్డు చేసుకోండి.