కోలుకుంటున్న భాగస్వామికి ఇంట్లో మత్తు పరీక్ష ఎలా చేయాలి?

మూత్రంతో చేసే మత్తు పరీక్ష కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగానే దొరుకుతున్నాయి. గంజాయి, మత్తు మాత్రలు, కల్తీ కల్లు వంటివాటి నుంచి బయటపడుతున్న భర్తకు గాని భార్యకు గాని ఆ పరీక్ష ఆసరా అవుతుందా, కాపురంలో కొత్త గొడవ అవుతుందా అన్నది కిట్ కొనకముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఒప్పందం

చికిత్స చేస్తున్న డాక్టరు సరేనన్న తర్వాతే మొదలుపెట్టండి. పరీక్ష ఎన్నాళ్లకొకసారి చేయాలి, ఫలితం ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, పాజిటివ్ వస్తే ఆ రోజు ఏం చేయాలి అన్న సంగతులను ఇద్దరి మనసులూ కుదురుగా ఉన్న రోజున ఒక కాగితం మీద రాసుకోవాలి. అత్తమామల ముందు బయటపెట్టడం, బంధువులను పిలిచి పంచాయితీ పెట్టడం ఆ కాగితంలో చోటు చేసుకోకూడదు. షుగరు పరీక్షకని అబద్ధం చెప్పి నమూనా తీసుకుంటే, వచ్చిన ఫలితం నిజమే అయినా ఆ తర్వాత మీ మాట నిలబడదు. ఇంట్లో చేయి చేసుకునే మనిషి ఉంటే ఈ పని పూర్తిగా ఆసుపత్రికి వదిలేయడమే మంచిది.

ఏ కిట్ కొనాలి

ఏ మత్తుకు అలవాటు పడ్డారో ఆ మందును గుర్తించే కిట్‌నే కొనాలి. ఓపియేట్ (నల్లమందు జాతి మత్తు) స్ట్రిప్, అంటే మూత్రంలో ముంచే పట్టీ, మార్ఫిన్, కోడీన్, హెరాయిన్‌లను పట్టుకుంటుంది గాని ట్రమడాల్‌ను, ఫెంటనిల్‌ను పట్టుకోదు. చికిత్సలో ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్‌కు వేరే స్ట్రిప్ కావాలి. మద్యం మాన్పించేటప్పుడు డాక్టర్లు ఇచ్చే లోరాజెపాం, క్లోర్‌డయజెపాక్సైడ్ బెంజోడయజెపైన్ అనే నిద్ర, ఆందోళన మాత్రల కోవకు చెందినవే కనుక, వాడుతున్న మాత్రల చీటీ చూడకుండా బెంజోడయజెపైన్ స్ట్రిప్ ఫలితానికి అర్థం చెప్పలేము.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. తెలంగాణలో కల్లులో అదే కోవకు చెందిన ఆల్ప్రాజోలం, డైజెపాం కలిపిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. కాబట్టి "మాత్రలు ముట్టలే, కల్లే తాగిన" అన్న మనిషికి బెంజోడయజెపైన్ పాజిటివ్ వస్తే ఆ మాట అబద్ధమని తేల్చేయకండి. కలిపింది క్లోరల్ హైడ్రేట్ అనే వేరే జాతి మత్తుమందు అయితే మాత్రం ఈ స్ట్రిప్ దాన్ని పట్టుకోలేదు.

ఓరుగల్లు ఎండల్లో కిట్‌ను బండి డిక్కీలో గాని రేకుల గదిలో గాని ఉంచితే పాడవుతుంది. చాలా కిట్లకు 30 డిగ్రీలు దాటకూడదు. గడువు తేదీ చూసి, పరీక్ష చేసేటప్పుడే కవరు చింపండి.

పరీక్ష చేసే పద్ధతి

ఉదయం లేవగానే వచ్చే మూత్రం చిక్కగా ఉంటుంది కనుక అదే మేలు. బాత్‌రూం తలుపు దగ్గర కాపలా కాయనక్కర్లేదు. కప్పు మీద ఉష్ణోగ్రత పట్టీ ఉన్నది తీసుకుంటే, నమూనా ఇచ్చిన నాలుగు నిమిషాల లోపు అది సుమారు 32 నుంచి 38 డిగ్రీల మధ్య చూపాలి. అంతకన్నా చల్లగా ఉంటే నీళ్లు కలిపారేమోనని అనుమానించవచ్చు. స్ట్రిప్‌ను గీత దాటకుండా ముంచి, కవరు మీద చెప్పినంతసేపు ఉంచి, తీసి చదునైన చోట పెట్టి, సాధారణంగా ఐదు నిమిషాలకు చూడాలి. చాలా ఆలస్యంగా చూస్తే గీతలు మారిపోతాయి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గర్భ పరీక్షకు ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది: 'సి' (కంట్రోల్) దగ్గర, 'టి' (టెస్ట్) దగ్గర రెండు గీతలూ వస్తే నెగెటివ్, 'సి' ఒక్కటే వస్తే పాజిటివ్. 'టి' గీత ఎంత లేతగా ఉన్నా నెగెటివ్‌గానే లెక్క. 'సి' గీతే రాకపోతే కిట్ పనిచేయనట్టు, కొత్తది తీసుకోవాలి.

పాజిటివ్ వస్తే

ఆదివారం మటన్ కూరలో గసగసాలు నూరి వేస్తే, మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు ఉంటేనే పాజిటివ్ చూపే ఓపియేట్ స్ట్రిప్ మరునాడు పాజిటివ్ చూపవచ్చు. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా అంతే. గంజాయి ఎప్పుడో ఒకసారి తాగినవారిలో మూడు రోజుల పాటు కనిపిస్తే, రోజూ తాగినవారిలో మానేసిన నెల తర్వాత కూడా కనిపించవచ్చు. అందువల్ల మొదటి వారాల్లో వచ్చే పాజిటివ్ పాత వాడకానిదే కావచ్చు. ఇంటి స్ట్రిప్ తేల్చేది అనుమానాన్నే. నిర్ధారణ ల్యాబులో ఏ మందో కచ్చితంగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షతోనే జరుగుతుంది.

ఆ పూట అరవకుండా, కాగితంలో రాసుకున్న ప్రకారం డాక్టరుకు ఫోన్ చేయండి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416. పోలీసు కేసు భయంతో వెనకాడేవారికి ఒక మాట: మత్తుమందులపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్, మత్తు వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యసన బాధితుడు ప్రభుత్వం గుర్తించిన చోట స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది.

రెండు ప్రమాదాలను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆల్ప్రాజోలంకు అలవాటుపడిన మనిషి, కల్లు రూపంలోనైనా సరే, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. హెరాయిన్ వంటివి కొన్నాళ్లు మానేసినవారు మళ్లీ పాత మోతాదు తీసుకుంటే ప్రాణం పోవచ్చు కనుక, పిలిస్తే పలకకుండా, శ్వాస మందగించి, పెదవులు నీలంగా మారితే స్ట్రిప్ వెతకకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.