కొత్త డిస్కు వేసినా పాత విండోసే వస్తోందా?

సమస్య: పలాసలో ఒక జీడిపిక్కల వ్యాపారి కంప్యూటర్‌కు కొత్త ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే డిస్కు) వేసి, విండోస్ 10 ఎక్కించాను. పాత హార్డ్ డిస్కు కూడా లోపలే ఉంది. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే పాత విండోస్ 7 వచ్చింది, కొత్త లెక్కలు కనిపించలేదు. ఆయన ఎంతో బెంగపడ్డారు. లెక్కలు ఎక్కడికీ పోలేదు, ఎస్ఎస్‌డీలో భద్రంగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు దయచేసి ఎవరూ ఫార్మాట్ జోలికి వెళ్లకండి.

కారణం: తెర మూలన తేదీ చూడండి. అది ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. పాత బోర్డుల్లో ఏ డిస్కును ముందు చూడాలన్న వరుసను కూడా ఆ బ్యాటరీయే కాపాడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేని మా ఉద్దానం ఊళ్లలో ఇలాంటివి చాలా చూశాను.

పరిష్కారం: ప్లగ్ తీసి, సీఆర్2032 బ్యాటరీ మార్చండి. ఆన్ చేయగానే ఎఫ్2 లేదా డిలీట్ నొక్కి బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లండి. తేదీ సరిచేసి, బూట్ వరుసలో ఎస్ఎస్‌డీని మొదట ఉంచి సేవ్ చేయండి.

తేదీ సరిగానే ఉండి, రెండు విండోస్‌లూ ఒకే డిస్కులో ఉంటే సంగతి వేరు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు ప్రాపర్టీస్ తెరిచి, అది ఎంబీఆరా, జీపీటీనా ముందు తెలుసుకోండి. డిస్కును పార్టిషన్లుగా, అంటే భాగాలుగా విభజించే పద్ధతులివి. ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఉండవు, వాటిలో ఒకదానికే యాక్టివ్ గుర్తు ఉంటుంది. అక్కడి నుంచే కంప్యూటర్ మొదలవుతుంది. జీపీటీలో ఈ గుర్తు పనిచేయదు. ఏ విండోస్ మొదలవ్వాలో ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) బూట్ మేనేజర్ చూసుకుంటుంది. మొదట వచ్చే విండోస్‌ను విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) ప్రోగ్రాంలోని బూట్ ట్యాబ్‌లో మార్చుకోవచ్చు. ఎంబీఆర్‌లో కూడా మొదట ఇదే ప్రయత్నించండి.

ఎంబీఆర్ డిస్కులో బూట్ ఫైళ్లు (కంప్యూటర్ మొదలవడానికి కావలసినవి) లేని పార్టిషన్‌కు యాక్టివ్ గుర్తు పెడితే కంప్యూటర్ అసలే మొదలవదు. అలా జరిగితే విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్‌తో మొదలుపెట్టి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. వచ్చే నల్ల తెరలో డిస్క్‌పార్ట్ (diskpart) అని టైప్ చేసి ఆ ప్రోగ్రాం తెరిచి, సెలెక్ట్ ఆదేశంతో ముందు డిస్కును, తర్వాత అంతకుముందు యాక్టివ్ గుర్తు ఉన్న పార్టిషన్‌ను ఎంచుకుని యాక్టివ్ అని టైప్ చేయండి. గుర్తు మళ్లీ పాత చోటికి వస్తుంది.